తొమ్మిది మార్కులు

నాలుగు కావస్తోంది. ఐదింటికి బు రుస్తమాజి ఇంటి ముందు వ్యాను ఆగుతుంది. ఆలోపు నేను ఆమెకు ఫోన్ చేసి ఒక్క మాట చెప్పాలి, ఇచ్చెయ్యండి అనో, ఇవ్వొద్దు అనో. ఇచ్చెయ్యమంటే నాలుగు వందల పన్నెండు పాత లక్క రికార్డులు ఆ వ్యాను ఎక్కి, ఊళ్లో కొత్తగా తెరిచిన కాఫీ హోటలు గోడల మీద మేకులకు వేలాడతాయి. మేకు మధ్య బెజ్జంలోంచే దిగుతుంది కాబట్టి రికార్డుకేమీ కాదని ఆ హోటలతను ఆమెకు నచ్చజెప్పాడట. నా మిత్రుడు రుస్తమాజి నలభయ్యేళ్లపాటు సురకర్త సందుల్లో, త్రివిందు బజారు పాత సామాను గుట్టల్లో వెతికి వెతికి తెచ్చుకున్న రికార్డులవి. ఆయన పోయి ఏడాదిన్నర. నిన్న ఆయన భార్య, మేం బు అని, అంటే అమ్మగారని పిలిచే ఆమె, రిక్షాలో వచ్చి నా ఎదురుగా ఉన్న ఈ పేము కుర్చీలోనే కూచుంది. "దిక్ ప్రావితో," అంది. వయసులో చిన్నవాణ్ణని నన్నెప్పుడూ అలాగే పిలుస్తుంది. "ఆ గది ఖాళీ చెయ్యమని మా అల్లుడు ప్రాణం తీస్తున్నాడయ్యా. మంచి పాటలన్నీ ఆ తీర్త లారస్ కంపెనీవాళ్లు సీడీల్లోకి ఎక్కించేశారు కదా. పదికి తొమ్మిది మార్కులని నువ్వే రాశావు. మీ అన్న బతికుండగా నువ్వు ఎవరికైనా ఏడు దాటి వేశావా? అలాంటివాడివి తొమ్మిది వేశావంటే ఇంక అసలుతో పనేముంది? నువ్వు ఊఁ అను, పంపించేస్తా. నువ్వు అననంతవరకూ ఒక్కటి కూడా కదలదు." నేను ఊఁ అనలేదు. ఒకసారి పక్కపక్కన పెట్టి విని రేపు సాయంత్రం ఐదులోపు చెబుతానన్నాను. అది అలవాటుగా వచ్చిన మాటే, అనుమానం కాదు. ఆమె దానికి సిద్ధపడే వచ్చినట్టుంది, సంచీలోంచి బాతిక్ గుడ్డలో చుట్టిన ఒక రికార్డు తీసి నా ఒళ్లో పెట్టింది. మిస్ వర్తినా పాడిన రేవు పాట, యుద్ధానికి ముందుది. తీర్త లారస్ నాలుగో సీడీలో మొదటి పాట అదే.

ఎడమ పక్క గ్రామఫోను బల్ల ఉంది, కుడి పక్క సీడీ పెట్టె ఉంది, మధ్యలో నేనున్నాను. రికార్డు మూడుసార్లు తిప్పాను, సీడీ మూడుసార్లు తిప్పాను. రెండూ ఒకలాగే ఉన్నాయి. తొమ్మిది మార్కులు వేసినవాడికి ఇది సంతోషం కలిగించాలి. మొదటిసారి కలిగించింది కూడా, ఒక అర నిమిషం. చూశావా మాస్ రుస్తమాజి, అన్నయ్యా, గిన్నెడు సోతో చారు ధరకు దొరికే అట్ట కవరు సీడీ నీ రికార్డుతో సమానంగా నిలబడింది, నా చెవి తప్పలేదు, అనుకున్నాను. తర్వాత రెండో ఆలోచన వచ్చింది. అది ఆలోచనలా రాలేదు, మెట్టుందనుకుని కాలు వేస్తే మెట్టు లేనట్టు వచ్చింది. డెబ్బయ్యేళ్ల లక్క రికార్డు బుస కొట్టాలి. సూది దించగానే, పాట ఇంకా మొదలవకముందే, బాణలిలో నూనె కాగుతున్నట్టు ఒక చప్పుడు రావాలి. మేం దాన్ని బుస అంటాం. బుస లేని లక్క రికార్డు ఈ భూమ్మీద లేదు. నేను సూది దించాను, ఏమీ రాలేదు. కొంతసేపటికి ఏమీలేనితనం లోంచి మిస్ వర్తినా పాడటం మొదలుపెట్టింది. సీడీలో బుస ఉండకపోవచ్చు, కంపెనీవాళ్లు తుడిచేసి ఉంటారు. రికార్డులో ఎవరు తుడిచారు?

సూది అరిగిందేమో అని కొత్త సూది బిగించాను. రికార్డును మెత్తటి బ్రష్షుతో తుడిచాను. తీగలు ఊడదీసి మళ్లీ పెట్టాను. ఇవన్నీ చేతులు చేశాయి, నేను వాటిని చూస్తూ కూచున్నాను. చివరికి ఆంప్లిఫయరు మీద కీచుదనం పెంచే మీట ఒకటుంది, దాన్ని ఎప్పుడూ మధ్యలోంచి కదపను, దాన్ని కుడివైపుకి తిరిగినంత మేర తిప్పేశాను. పాటలో ఏ మార్పూ లేదు. మీట చెడిపోయిందనుకున్నాను, చాలా హాయిగా అనుకున్నాను. అంతలో వంటింట్లోంచి ముర్తియా గావుకేక పెట్టింది. "ఏంటండీ ఆ గోల! చెవుల్లో శూలాలు దింపుతున్నట్టుంది! కట్టెయ్యండి ముందు!" కట్టేశాను. మీట బాగానే పనిచేస్తోందన్నమాట. నా భార్య చెవుల్లోకి వెళ్లిన శూలాలు నా పక్కనించే వెళ్లాయి, నన్ను తాకకుండా, జనంలో తెలియనివాళ్లు పక్కకి తప్పుకుని వెళ్లినట్టు. ఇప్పుడు భయం వెయ్యాలి కదా అని ఎదురుచూశాను. పన్ను పీకించుకున్న రోజున పెదవి మీద వేలితో నొక్కుతూ, ఇది నాదేనా అని చూసుకున్నట్టు, లోపల అక్కడా ఇక్కడా నొక్కి చూసుకున్నాను. ఎక్కడా ఏమీ లేదు.

ఇరవై రెండేళ్లుగా మా దేశపు పాతకాలపు క్రొంచొంగ్ పాటల అభిమానుల నెలపత్రికలో ఆఖరి పేజీ నాది. నాలుగు కాగితాల పత్రిక, మూడు వందల మంది చందాదారులు. వాళ్లలో సగం మంది నా పేజీ చూశాకే బజారుకు వెళతారని సంపాదకుడు అంటుండేవాడు. పాత పాటల చౌక సీడీలు కుప్పలుగా వస్తాయి, ఏది కొనాలో ఏది వదిలెయ్యాలో ఎవరో ఒకరు చెప్పాలి. నేను చెబుతాను. బుస ఎంత, వేగం సరిగ్గా ఉందా, గీతల టకటకలు ఎన్ని, చివరిది గది. గది అంటే ఏమిటని కొత్తవాళ్లు అడుగుతూ ఉత్తరాలు రాసేవారు. నేను వాళ్లకి రుస్తమాజి నాకు చెప్పిందే రాసేవాణ్ణి. నాకు ముప్పై ఏళ్లప్పుడు, ఒక గురువారం సాయంత్రం, ఆయన తన ముందుగదిలో రికార్డు పెట్టి, "పాట వినకు," అన్నాడు. "పాట అందరూ వింటారు. పాట వెనక గది ఉంటుంది. ఆ రోజు ఆవిడ ఎక్కడ నిలబడింది, కిటికీ తెరిచి ఉందా, పిల్లనగ్రోవి ఊదేవాడు దూరంగా ఉన్నాడా, ఎవడు దగ్గు ఆపుకున్నాడు, అది విను. అది వినబడితే వాళ్లు చచ్చిపోలేదని అర్థం." నేను రెండేళ్లు గురువారం గురువారం వెళ్లి కూచున్నాక గది వినబడింది. నాకేమీ ఆనందం కలగలేదు, చెమట పట్టింది. ఎవరో ఉన్నారు అనిపించింది, తలుపు వెనక. ఆ తర్వాత ముప్పయ్యేళ్లు ఎవరింటికి వెళ్లినా, ఏ మాట విన్నా, ముందు గది వినేవాణ్ణి.

చౌక ముద్రణకు మార్కులు వేసేటప్పుడు అసలు రికార్డును దగ్గర పెట్టుకోకూడదని నా నియమం. కొనేవాడి దగ్గర అసలు ఉండదు, కొనేవాడి చెవితోనే వినాలి. ఈ నియమాన్ని ఎంత గర్వంగా చెప్పుకున్నానో. సభల్లో చెప్పాను, పత్రికలో రాశాను, ఇతర ఊళ్లవాళ్లు కూడా పాటించారు. నాలుగో సీడీని నియమం ప్రకారమే విన్నాను. పొద్దున్నే, కిటికీలు మూసి, స్వరం సరిచూసే ఇనప శ్రుతిదండం మోకాలికి కొట్టి చెవి దగ్గర పెట్టుకుని, పాట శ్రుతితో పోల్చి, వేగం సరిగ్గా ఉందని రాసుకున్నాను. ఆ దండం శ్రుతి ఇప్పటికీ నాకు గంట కొట్టినట్టు వినబడుతుంది. అది వినబడినన్నాళ్లూ నా చెవులు సరిగ్గా ఉన్నాయనే నమ్మాను. నడుము లోతు నీళ్లలో నిలబడి, నదికి లోతు ఇంతే అనుకునేవాడిలాగా.

అలమరలోంచి పాత సంచికలు దించి నేల మీద పరిచాను. ఎందుకు దించానో తెలియలేదు, బహుశా గడియారం వైపు చూడకుండా ఉండటానికి. పన్నెండేళ్ల కిందట, బుసకు నాలుగు, ఐదు, నాలుగు. ఎనిమిదేళ్ల కిందట ఐదు, ఆరు. తీర్త లారస్ మొదటి సీడీకి ఏడు, రెండోదానికి ఏడున్నర, మూడోదానికి ఎనిమిది, నాలుగోదానికి తొమ్మిది. ఒక్క తీర్త లారస్ అనే కాదు, అందరికీ అంతే. జకార్తావాళ్లు, సురబాయావాళ్లు, పేరు లేకుండా సందుల్లో అచ్చొత్తే దొంగ కంపెనీలు, అందరూ ఏటేటా మెరుగుపడుతూ వచ్చారు. నిరుడు సంవత్సరాంతం వ్యాసంలో దాని గురించే రాశాను, 'మన చౌక ముద్రణలు ఇంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేవు' అని. ఆ వాక్యం ఇప్పుడు నా మోకాలి పక్కన ఉంది. సాంకేతికత, యువ ఇంజినీర్ల శ్రద్ధ, వగైరా. ప్రపంచం నెమ్మదిగా నిశ్శబ్దమవుతూ వచ్చింది, నేను దానికి కంపెనీలను మెచ్చుకుంటూ వచ్చాను. వరసగా పేర్చిన ఆ అంకెలు చూస్తే ఎవరికైనా తెలిసిపోయేది. రుస్తమాజికి తెలిసిందేమో. ఆఖరి ఏడాది ఒక గురువారం, పక్క మీద పడుకుని, నా పేజీ మొహానికి దగ్గరగా పెట్టుకుని చదివి, "నీ మార్కులు మెత్తబడ్డాయిరా తమ్ముడూ," అన్నాడు. "వయసొచ్చింది కదా మాస్, మనసు మెత్తబడింది," అన్నాను. ఆయన కాగితం పక్కన పెట్టి చాలాసేపు నన్నే చూశాడు. అది జబ్బు మనిషి చూపు అనుకున్నాను. ఇంకేదో అడగబోయి, "టీ చల్లారిపోతోంది, తాగు," అన్నాడు.

ఆయన పోయాక చేసిన ప్రార్థనలప్పుడు ఏడవలేదు నేను. వీధిలో టెంటు వేసి కుర్చీలు వేశారు, మసీదునుంచి తెచ్చిన లౌడుస్పీకరు ఒక మూల పెట్టారు. అందరూ తలలు వంచుకుని ఉన్నారు. ఈ పెట్టె కింది స్వరాలను మింగేస్తోంది, కాస్త గోడకు దూరంగా పెట్టాల్సింది అనుకుంటూ కూచున్నాను. అమ్మ పోయిన రాత్రి కూడా అంతే. ఆమె నాతో ఏదో చెప్పింది, రెండు మూడు వాక్యాలు చెప్పింది, ఒక్క మాట గుర్తు లేదు. ఆయాసంలో ఒక ఈల ఉండేది, ఊపిరి తీసుకున్నప్పుడు ఒక శ్రుతి, వదిలినప్పుడు అర స్వరం కింద. ఆ రెండు స్వరాలూ ఇప్పుడు అడిగినా పాడి చూపించగలను. మనుషులు నా దగ్గరికి శబ్దాలుగా వచ్చారు, శబ్దాలుగానే వెళ్లారు. దాన్ని నేను చెవి అన్నాను, ఊళ్లోవాళ్లు ప్రతిభ అన్నారు. ముర్తియా ఏమనేదో. పెళ్లయిన కొత్తలో రెండు మూడుసార్లు నా పక్కన కూచుని విన్నది. ఒకసారి, "ఈవిడకి పై పన్ను ఒకటి లేనట్టుంది కదండీ," అంది. నేను నవ్వాను, నీకు వినడం రాదు మూర్, అన్నాను. ఏ ఉద్దేశమూ లేదు ఆ నవ్వులో. కానీ ఆ తర్వాత ఎప్పుడూ కూచోలేదు. నలభై ఒక్క ఏళ్లుగా ఆమె వంటింట్లో ఉంటుంది, నేను ఈ గదిలో ఉంటాను, మా మధ్య తలుపు తెరిచే ఉంటుంది.

కిటికీలోంచి పక్కింటి జుమాలి పక్షులు కనిపిస్తున్నాయి. పొడుగాటి వాసం చివర పంజరంలో పావురంలాంటి పెర్కుతుత్, దాని గుర్రుగుర్రు నాకు బాగా వినబడుతోంది, ప్రతి మెలికా. కింద చూరుకు చిన్న పంజరం, అందులో బొటనవేలంత ఆకుపచ్చ ప్లెచి, కళ్ల చుట్టూ తెల్ల సున్నా. ఈమధ్య జుమాలి దాన్ని కొని తెచ్చి గోడమీంచి నన్ను మర్యాదగా పాక్ అని పిలిచాడు. "పాక్, మీరే చెప్పాలి, మీ చెవికంటే గొప్ప జడ్జి ఎవరున్నారు! పక్షిపాటల పోటీకి పనికొస్తుందా?" నేను గోడ దగ్గర నిలబడి చూశాను. ముక్కు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది, గొంతు కింద ఈకలు వణుకుతున్నాయి. "ఇంకా సాధన కావాలి, గొంతు పూర్తిగా విప్పట్లేదు," అన్నాను. జుమాలి మొహం చిన్నబోయింది. "అదేంటి పాక్, పొద్దుట్నించీ వీధంతా గోల చేసేస్తోంటేనూ," అన్నాడు. అది నాలుగు రోజుల కిందట. అప్పుడే తెలిసి ఉండాలి. తెలిసే ఉంటుంది. తెలిసినదాన్ని చూడకుండా ఉండటానికి మనసుకు ఎంత ఓపిక! ఇంటి చుట్టూ తిరిగి తిరిగి, ఒక్క తలుపు దగ్గరికి మాత్రం వెళ్లని కాపలావాడిలాగా.

నాలుగున్నర. అబద్ధాలు ఉన్నాయి, చాలా ఉన్నాయి, ఒక్కోటీ తీసి చూస్తున్నాను. ఇవ్వొద్దు బు, జ్ఞాపకం కదా, మనిషి పోయినా వస్తువు ఉండాలి, అనొచ్చు. అల్లుడు ఒప్పుకోడు, జ్ఞాపకాలకు గది ఇచ్చే రోజులా ఇవి అంటాడు. ఇవ్వొద్దు, ముందు ముందు వీటికి గిరాకీ వస్తుంది, అనొచ్చు. రేపే ఎవరినో పిలిచి బేరం పెడతాడు, వాడూ గోడలకే కొడతాడు. ఇవ్వొద్దు, నాకిచ్చెయ్యండి, అనొచ్చు. ఈ ఇంట్లో ఎక్కడ పెట్టను, పైగా, తొమ్మిది వేసినవాడివి నీకెందుకయ్యా అవి, అంటుంది. ఎటు వెళ్లినా ఆ తొమ్మిది అడ్డం వస్తోంది. అది ఉన్నంతసేపూ రికార్డులు ఖాళీ అట్టపెట్టెలతో సమానమే. దాన్ని తీసెయ్యాలంటే ఎందుకు వేశానో చెప్పాలి. ఎందుకో చెబితే నాలుగో సీడీ ఒక్కటే కాదు, పరిచిన ఈ కాగితాలన్నీ, ఎన్నేళ్ల కిందటిదాకానో నాకే తెలియదు, చెల్లవు. చెప్పకపోతే వ్యాను వస్తుంది. తీర్త లారస్ వాళ్లు ముడి కాపీలు దాచరు, తుడిచినదాన్ని ఉంచుకుని తుడవనిదాన్ని చెరిపేస్తారు, చౌక కంపెనీల పద్ధతే అది. కాబట్టి మిస్ వర్తినా నిలబడిన గది ఇప్పుడు లోకంలో ఒక్కచోటే ఉంది, నా ఎడమ చేతి పక్కన, నాకు వినబడని గాడిలో. మిగిలిన నాలుగు వందల పదకొండు గదులు బు రుస్తమాజి ఇంట్లో ఉన్నాయి. ఇదంతా లెక్కగా అర్థమవుతోంది. గుండె మాత్రం మామూలుగా కొట్టుకుంటోంది.

లేదా సీడీ నిజంగానే బాగుందేమో. ఇది ఇంకా మిగిలి ఉంది. నా చెవులు పోయినంత మాత్రాన సీడీ చెడ్డదని ఏముంది? గుడ్డివాడు మెచ్చుకున్న చీర మంచిదే కావచ్చు. ఆ ఆలోచన పట్టుకుని కాసేపు వేలాడాను. అప్పుడు ముర్తియా పరుగున ఈ గదిలోంచే పెరట్లోకి వెళ్లింది, చేతులకు పిండి, తల మీద తువ్వాలు. "వాన పడుతోంటే గుడ్లప్పగించి కూచున్నారేంటండీ, దండెం మీద బట్టలన్నీ తడుస్తోంటే!" కిటికీ బయట చూశాను. సన్నటి జల్లు. పెంకుల మీద, అరటాకుల మీద, జుమాలి రేకుల మీద పడుతోంది. ఏ చప్పుడూ లేకుండా పడుతోంది. సురకర్తలో ఇంత నిశ్శబ్దమైన వాన ఎప్పుడూ పడలేదు, అని రాసుండేవాణ్ణి.

ఆమె బట్టల మోపుతో తిరిగొచ్చింది. "మూర్," అన్నాను. "కాస్త కూచో."

"ఎక్కడ కూచోను? సోయా ముక్కలు నూనెలో ఉన్నాయి."

"దించేసి రా. ఒక పాట వినాలి నువ్వు."

ఆమె నన్ను చూసిన చూపులో ఆశ్చర్యం కంటే అనుమానమే ఎక్కువ. "నేనా? నాకు వినడం రాదుగా," అంది. దెప్పినట్టుగా అనలేదు, నా పేరు ఫలానా అన్నట్టు అంది. నలభై ఒక్క ఏళ్లూ ఆ మాట ఆమె దగ్గరే భద్రంగా ఉందన్నమాట. వెళ్లి పొయ్యి కట్టి వచ్చి, పేము కుర్చీలో కూచోకుండా నేల మీద, పాత సంచికలు పక్కకి నెట్టి కూచుంది. రికార్డు పెట్టాను. తర్వాత సీడీ పెట్టాను. రెండూ నడుస్తున్నంతసేపూ నేను పాట వినలేదు, ఆమె మొహం చూశాను. రికార్డు నడుస్తుంటే ఆమె కనుబొమలు కదిలాయి, ఒకచోట తల తిప్పి తలుపు వైపు చూసింది, ఎవరైనా వచ్చారా అన్నట్టు. సీడీ నడుస్తుంటే వేళ్లకున్న పిండి గిల్లుకుంది.

"చెప్పు," అన్నాను.

"ఏం చెప్పను? నవ్వుతారు మళ్లీ."

"నవ్వను."

"మొదటిదాంట్లో వేపుడు వేగుతున్నట్టుంది, చిరాకే. కానీ ఆ వేపుడు వెనకాల ఆవిడుంది. పళ్ల సందులోంచి గాలి పోతోంది చూడండి, స అన్నప్పుడల్లా. మధ్యలో ఎవరో కుర్చీ జరిపారు. నేను మన గుమ్మంలోనే అనుకున్నా. రెండోదాంట్లో వేపుడు లేదు. ఆవిడా లేదు. పాటుంది అంతే. మూతి మీద దిండు పెట్టి పాడించినట్టు. తప్పా?"

"తప్పు కాదు," అన్నాను. "ఎన్ని మార్కులు వేస్తావు?"

"మార్కులు నాకేం తెలుసు. పారేస్తే ఏది పారేస్తారని అడిగితే చెబుతా." చేతులు దులుపుకుంది. తర్వాత, నా వైపు చూడకుండా, నేల మీది కాగితాలు సర్దుతూ, "మీకు ఆ వేపుడు వినబడట్లేదు కదా," అంది.

"నీకెప్పట్నించి తెలుసు?"

"కెటిల్ ఈలేసినప్పుడు లేచేవారు ఇదివరకు. మూడేళ్లయింది లేచి."

"మరి చెప్పలేదేం?"

"చెవులు మీవి, మార్కులు మీవి. ఊరంతా గురువుగారూ గురువుగారూ అంటోంటే నీకు చెవుడయ్యా అని నేనా చెప్పేది? చెబితే వినేవారా?" తన మాటకు తనకే నవ్వొచ్చింది, ఆపుకుంది. "మెల్లిగా చెబితే వినబడదు, గట్టిగా చెబితే పక్కింటికి వినబడుతుంది. ఊరుకున్నా."

అయితే ఈ మూడేళ్లూ ఆమె పొయ్యి దగ్గరికి రెండు అడుగులు ఎక్కువ నడిచింది. తలుపు చప్పుడైతే తానే వెళ్లింది. నాతో మాట్లాడేటప్పుడు ఎదురుగా వచ్చి నిలబడి మాట్లాడింది, వయసొచ్చి అతుక్కుపోతోంది అనుకున్నాను. ఇదంతా నాకు ఇప్పుడు, నాలుగూ నలభై అయిదుకి, వరసగా కనిపించింది, దూరంగా వెళుతున్న రైలు పెట్టెల్లాగా, ఒకటి తర్వాత ఒకటి. చెయ్యి చాపి ఆమె భుజం మీద వెయ్యాలనిపించలేదు, వెయ్యాలని తెలిసింది. వేశాను. పిండి అంటుకుంటుంది అంది.

ఫోను గుమ్మం పక్కన బల్ల మీద ఉంది. నిలబడి అంకెలు నొక్కాను. మోగుతున్నంతసేపూ ఏ అబద్ధమైనా చేతికి దొరుకుతుందేమోనని చూశాను, ఏదీ దొరకలేదు, లేక అందుకునే ఓపిక లేదు. ఎవరో ఎత్తారు. ఆడగొంతు. బు రుస్తమాజి అనే అనుకున్నాను. "బు, నేను ప్రావితోని. వ్యాను వెనక్కి పంపించెయ్యండి. ఒక్కటి కూడా ఇవ్వకండి. ఆ సీడీలు అసలుకు సమానం కావు, దరిదాపుల్లో కూడా లేవు. తొమ్మిది నేనే వేశాను. నాకు వినబడక వేశాను. నాలుగోదే కాదు, వెనకటివి కూడా. ఎప్పట్నించో నాకు తెలియదు. వచ్చే నెల పేజీలో అలాగే రాస్తాను. మాస్ రుస్తమాజికి అనుమానం వచ్చింది, నేనే..." అక్కడ ఆగిపోయాను, ఆ వాక్యానికి రెండో సగం ఏమిటో తెలియలేదు.

అటునించి ఆమె మాట్లాడటం మొదలుపెట్టింది. గొంతు ఉంది, లేవడం ఉంది, పడటం ఉంది, ఎక్కడో ఒక ప్రశ్న లాంటి మలుపు ఉంది. మాటలు లేవు. హల్లులన్నీ ఎవరో ఏరేసి అచ్చులు మాత్రం పంపుతున్నట్టుంది. కోపమో, జాలో, అల్లుడితో పోట్లాటో, ఏదైనా కావచ్చు. ఇన్నాళ్లూ ఫోన్లో ఇలాంటిచోట "అవునవును, అలాగే" అనేవాణ్ణి. ఎన్నిటికి అన్నానో. ఈసారి నోటిదాకా వచ్చింది, అనలేదు. ఫోను చెవి నుంచి తీసి ముర్తియా వైపు చాపాను.

ఆమె చెయ్యి తువ్వాలుకి తుడుచుకుని అందుకుంది. "ఆఁ, నేను ముర్తియాని బు... ఆఁ... ఆఁ... అదేం లేదు, తిన్నారు, బాగానే ఉన్నారు... ఆఁ, నిజమే... రేపా? వస్తాం, ఇద్దరం వస్తాం... అయ్యో, మీరు పెట్టండి, నేను వింటాగా... చెప్పెయ్యండి, దాచేదేముంది... ఆఁ." పెట్టేసింది. నేను ఆమె మొహం వైపు చూస్తూ నిలబడ్డాను, రికార్డుకూ సీడీకీ ఆ మొహమే చూసినట్టు.

"వ్యానువాణ్ణి వీధి చివర్నించే పంపించేస్తుందట," అంది, నా ఎదురుగా వచ్చి నిలబడి, మెల్లగా, పెదవులు కదిలేలా. "రేపు ఒకసారి రమ్మంది. అల్లుడు ఊరుకోడు, మార్కులు వేసిన మనిషే వద్దంటున్నాడంటే కారణం అడుగుతాడు, ఏం చెప్పమంటారు అంది. ఉన్నదే చెప్పమన్నాను."

"ఉన్నది అంటే?"

"మా ఆయనకి చెవుడు అని."

ఆ మాటలో ఒక్క అక్షరం కూడా జారిపోలేదు.